సీసాల పెట్రోలు

టేకులపల్లిలో పశువుల డాక్టరుగా పనిచేసిన రోజుల్లో నాతో కూర్చుని మాట్లాడిన మనిషి ఒక్కతే. అడవి మధ్య రోడ్డు రెండుగా చీలే చోట చిన్న కొట్టు పెట్టుకుని బతికే ఆవిడ. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్దది. అక్కా అని పిలిచేదాన్ని. ఆ స్నేహం ఎలా కుదిరిందో, ఎలా పోయిందో చెప్పాలంటే ముందు నా సంగతి, నా కారు సంగతి చెప్పాలి.

రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది. అప్పటికి ముప్పై అయిదు దాటిన నేను పెళ్లి చేసుకోలేదు. మాది మధిర వైపు. అమ్మ పోయాక అన్నయ్య ఇంట్లో నాకంటూ ఒక మంచం, ఒక బీరువా తప్ప ఏమీ మిగల్లేదు. అందుకే అడవి మండలానికి పోస్టింగు పడితే తోటివాళ్లు జాలిపడ్డారు గాని నాకు పెద్దగా బాధ కలగలేదు. ఎక్కడైనా ఒకటే అనుకున్నాను. ఒకటి కాదని వెళ్లాక తెలిసింది.

ఆస్పత్రిలో నేనూ, కాంపౌండరూ ఇద్దరమే. అతనిది ఇల్లందు. బొగ్గుబావి కార్మికుల కుటుంబం. సాయంత్రం బస్సు హారన్ వినబడగానే సంచీ భుజాన వేసుకుని పరుగెత్తేవాడు. ఆ తర్వాత ఆస్పత్రి ఆవరణలో నేనూ, కట్టేసిన గొడ్లు ఏవైనా ఉంటే అవీ. కిరాయికున్న ఇల్లు ఒకే గది. ఇంటివాళ్లు మంచివాళ్లే. కానీ కనబడినప్పుడల్లా, "ఇంక పెళ్లెప్పుడు మేడం?" అని అడిగేవారు. దాంతో వాళ్లు వాకిట్లో ఉన్నంతసేపూ నేను తలుపు వేసుకుని ఉండేదాన్ని. కొన్నిసార్లు శనివారం మధ్యాహ్నం నుంచి సోమవారం పొద్దుటిదాకా ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండా గడిచిపోయేది. సోమవారం పొద్దున కాంపౌండరు నమస్తే పెడితే బదులు చెప్పబోయేసరికి గొంతు పట్టేసి ఉండేది.

కారు అప్పుడే కొన్నాను. బదిలీ మీద వరంగల్ వెళ్తున్న ఒక డాక్టరు దగ్గర తీసుకున్న పాత చిన్న కారు. పాతదే అయినా అందులో కొత్త రకం ఇంజన్ ఉందనీ, లోపల కంప్యూటరే అన్నీ చూసుకుంటుందనీ ఆయన గొప్పగా చెప్పాడు. నడపడం మధిరలోనే నేర్చుకున్నాను. టేకులపల్లి అడవిలో చీర కట్టుకుని ఒంటరిగా కారు నడిపే ఆడదాన్ని చూసి, మేకలు కాసేవాళ్లు రోడ్డు పక్కన నిలబడిపోయేవారు. మొదట్లో సిగ్గుగా ఉండేది. తర్వాత వాళ్లకు చెయ్యి ఊపడం అలవాటైంది.

అక్క కొట్టు దగ్గర మొదటిసారి ఆగింది పెట్రోలు కోసమే. ఇల్లందులో నింపించుకోవడం మరిచిపోయి అడవిలోకి వచ్చేశాను. పెట్రోలు చూపే సూది అడుక్కి దిగిపోయింది. తాటాకు పందిరి కింద స్టూలు మీద బీరు సీసాల నిండా పెట్రోలు వరసగా పెట్టి ఉంది. ఆ చుట్టుపక్కల బంకులు లేవు గనుక మోటారు సైకిళ్లవాళ్లంతా అక్కడే పోయించుకునేవారు. లోపల బీడీలు, సబ్బులు, బిస్కెట్లు, ఓ మూల కిరసనాయిలు డబ్బా. గరాటుకు పాతగుడ్డ కట్టి, ఒక్క చుక్క కింద పడకుండా జాగ్రత్తగా పోసింది.

"ఏంది డాక్టరమ్మా, ఒక్కదానివే తోల్తవా కారు?"

"అవునక్కా."

"భయం గాదా?"

"దేనికి భయం?"

"ఏమో. నాకైతే ఒక్కదాన్నుంటే ఇంట్లనే భయమైతది." సీసా మూత బిగిస్తూ నవ్వింది. "చాయ్ తాగుతవా? పాలు లేవ్. నల్ల చాయే."

తాగాను. ఆమె భర్త బొగ్గుబావిలో కాంట్రాక్టు పని చేసేవాడట. ఒకరోజు డ్యూటీకని వెళ్లి తిరిగి రాలేదట. ప్రమాదం కాదు. ఎవరితోనో గోదావరిఖని వైపు వెళ్లిపోయాడని తర్వాత తెలిసింది. పిల్లలు లేరు. కొట్టు ఉన్న జాగా మరిదిది. సరుకు తెచ్చిపెట్టేదీ అతనే. ఇదంతా ఆమె ఎవరి గురించో చెబుతున్నట్టుగా చెప్పింది. నేను కూడా అమ్మ పోయిన సంగతి, అన్నయ్య ఇంటి సంగతి చెప్పాను. అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. నేను మాట్లాడే మధిర మాట ఆమెకు తమాషాగా ఉండేది. నేను "ఏంటక్కా" అంటే ఆమె "ఏంటి కాదు, ఏంది" అని దిద్దేది.

ఆ తర్వాత వారం వారం ఆగాను. కొన్నాళ్లకు రెండు మూడు రోజులకోసారి. ఐసు కోసం, మందుల కోసం ఇల్లందు వెళ్తూనే ఉన్నాను. అక్కడ బంకు ఉంది. అయినా అక్కడ నింపించడం మానేశాను. ఉత్త చేతులతో కొట్టు ముందు కారాపి కూర్చోవడానికి మొహమాటం. ఒకటి రెండు సీసాలు పోయించుకుంటే అదొక పని. చాయ్ తాగినంతసేపు కూర్చోవచ్చు. సూది సగం పైన ఉన్నా, "రెండు పొయ్యక్కా" అనేదాన్ని. ఆమెకు అది అర్థమయ్యే ఉంటుంది. ఎప్పుడూ అడగలేదు.

ఎండాకాలం చివర్లో ఒకరోజు స్టీరింగు వెనక పసుపు దీపం వెలిగింది. ఇంజన్ బొమ్మ ఆకారంలో, చిన్నది. బండి మామూలుగానే నడుస్తోంది. కానీ దీపం ఆరలేదు. కాంపౌండరుకు చూపిస్తే, "గీ దీపమొస్తే తోలొద్దంట మేడం, మా బావ చెప్పిండు," అన్నాడు. కొత్తగూడెంలో ఒక మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లాను. అతను బ్యాటరీ వైరు పీకి మళ్లీ పెట్టాడు. దీపం ఆరిపోయింది. "ఏం లేదు మేడం, ఊకెనే వచ్చింది," అన్నాడు. వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది. ఈసారి గేరు మార్చినప్పుడల్లా బండి కొంచెం ఉలిక్కిపడేది. ఎత్తు రోడ్డు మీద లాగేది కాదు. లోపల ఎవరో వేళ్లతో తడుతున్నట్టు టకటకమని చప్పుడు.

ఖమ్మం తీసుకెళ్లాను. అక్కడ పెద్ద షెడ్డులో ఒక కుర్రాడు కారుకు వైరు తగిలించి చిన్న యంత్రంలో చూశాడు. పొగ గొట్టం దగ్గరుండే సెన్సరు పోయిందన్నాడు. కొత్తది వేశారు. తిరుగుదారిలో జూలూరుపాడు దాటినా దీపం రాలేదు. నాకెంత సంతోషమైందంటే, కొట్టు దగ్గర ఆగి అక్కకు చెప్పాను. "బాగైందా? మంచిగైంది," అని ఆమె రెండు సీసాలు పోసింది. మరో నాలుగు రోజులకు దీపం మళ్లీ వెలిగింది.

దాని సంగతి వదిలేశాను. ఎవరికి చూపించాలో తోచలేదు. మధ్యాహ్నాలు అడవి దారిలో ఆ దీపాన్ని చూస్తూ నడపడం అలవాటైపోయింది. బండిలో ఇంకెవరైనా ఉంటే ఆ దీపం అంతగా కనబడేది కాదేమో.

తొలకరి పడింది. గొడ్లకు గొంతువాపు వచ్చే కాలం. మెడ కింద వాచి, ఊపిరాడక, చూస్తుండగానే పడిపోతాయి. సమయానికి సూది పడితే బతుకుతాయి, ఆలస్యమైతే బతకవు. ఒక పొద్దున లోపలి గూడెం నుంచి ఒక కోయ రైతు సైకిలు మీద వచ్చాడు. వానలో తడిసి ఉన్నాడు. వాళ్ల ఇంట్లో కోయ భాషే మాట్లాడుకుంటారు. నాతో తెలుగులో మాటలు కూడబలుక్కుని చెప్పాడు.

"ఎద్దుకు గొంతు వాసింది. గుర్రుమంటున్నది. నా జోడెద్దులు డాక్టరమ్మా. ఒకదానికే వచ్చింది. రెండోదానికి రాకముందు రా."

"నువ్వు పద. నేను కార్లో నీ వెనకాలే వస్తాను," అన్నాను.

అతను అడ్డదారిన వెళ్లిపోయాడు. కాంపౌండరు ఆ రోజు సెలవు. మందులు, ఐసు పెట్టెలో టీకాలు వేసుకుని ఒక్కదాన్నే బయల్దేరాను. కొట్టు దాటేటప్పుడు ఆగలేదు. అక్క లోపలి నుంచి చెయ్యి ఊపింది. వాగు దాటాక రోడ్డు ఎత్తెక్కుతుంది. అక్కడ పసుపు దీపం ఆరుతూ వెలుగుతూ కొట్టుకోవడం మొదలైంది. అంతవరకు ఎప్పుడూ అలా జరగలేదు. బండి రెండుసార్లు కుదిపింది, దగ్గింది, ఆగిపోయింది. తాళం తిప్పితే ఇంజన్ తిరుగుతోంది గాని అందుకోవడం లేదు. తిప్పి తిప్పి బ్యాటరీ కూడా నీరసించింది.

దిగి నిలబడ్డాను. రెండు పక్కలా టేకు చెట్లు. ఆకుల మీంచి నీళ్లు జారుతున్నాయి. ఫోనుకు సిగ్నల్ లేదు. అరిచినా వినేవాళ్లు లేరు. ఐసు పెట్టె మూత తీసి చూశాను. కరుగుతోంది. పెట్టె ఎత్తుకుని నడవబోయాను గాని గూడెం చాలా దూరం. మందుల సంచీ, ఐసు పెట్టె రెండూ మొయ్యలేక మలుపు దాటకుండానే వెనక్కి వచ్చి బానెట్టుకు ఆనుకుని ఏడ్చాను. ఎద్దు కోసమా, నా కోసమా అంటే చెప్పలేను. ఈ లోకంలో ఇప్పుడు నేనెక్కడున్నానో ఒక్కరికి కూడా తెలియదన్న సంగతి ఆ రోజే మొదటిసారి గట్టిగా తాకింది.

చాలాసేపటికి విత్తనాల బస్తాలేసుకుని ఒక ట్రాక్టరు వచ్చింది. ఆ మనిషి ఏమీ అడక్కుండా పెట్టె అందుకుని బస్తాల మీద పెట్టాడు. నన్ను మడ్గార్డు మీద కూర్చోబెట్టుకున్నాడు. గూడెం చేరేసరికి పొద్దు వాలింది.

ఎద్దు వాకిట్లో పడి ఉంది. ఊపిరి లేదు. రైతు దాని పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"నువ్వొస్తవని దాన్ని లేపి నిలబెట్టినం," అన్నాడు. "గింతసేపు నిలబడ్డది."

"కారు ఆగిపోయిందన్నా," అన్నాను.

"బండి గదా. ఆగుతది," అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేది.

రెండో ఎద్దుకు సూది వేశాను. గూడెంలో ఇంకా కొన్ని పశువులకు ఒళ్లు కాలిపోతోంది. వాటికీ వేశాను. మిగిలినవాటికి టీకాలు. ఐసు పూర్తిగా కరగకముందే చేరాం కాబట్టి మందు పాడు కాలేదు. రైతు తల్లి నాకు గిన్నెలో జావ తెచ్చిచ్చి, తాగేదాకా ఎదురుగా నిలబడింది. ఆ తర్వాత గూడెంలో ఇంకొక్క గొడ్డు కూడా పోలేదు. కానీ ఒక్క ఎద్దుతో దుక్కి ఎలా దున్నుతాడు? ఆ ఏడు ఆయన పక్క గూడెంవాళ్ల దగ్గర ఎద్దును బదులు తెచ్చుకుని దున్నాడని తర్వాత విన్నాను.

మర్నాడు కొత్తగూడెం మెకానిక్కు వచ్చి జీపుకు కట్టి కారును షెడ్డుకు లాక్కెళ్లాడు. ఈసారి వైర్ల జోలికి పోలేదు. స్పార్క్ ప్లగ్గులు విప్పాడు. పొయ్యిలోంచి తీసినట్టు నల్లగా మసి పట్టి ఉన్నాయి. అతను కాసేపు వాటినే చూసి, ట్యాంకులో పెట్రోలు కొంచెం బేసిన్‌లోకి దింపాడు. వాసన చూశాడు. నన్నూ చూడమన్నాడు. నాకూ తెలిసింది. పెట్రోలు వాసన వెనకాల ఇంకో వాసన. వంటింట్లో కిరసనాయిలు స్టవ్వు వాసన.

"గ్యాస్‌నూనె కలిసింది మేడం. శానా కలిసింది. అది పెట్రోల్ లెక్క కాలదు. సగం కాలి సగం మసైతది. ఆ పొగ చూసి సెన్సర్ మొత్తుకుంటది, దీపమొస్తది. సెన్సర్‌ది తప్పు లేకుండె. ట్యాంక్ చూడాలని నాగ్గూడ తోచలే, ఖమ్మమోళ్లకూ తోచలే. ఏడ పోయించిన్రు?"

నాలుగు నెలలుగా పోయించింది ఒక్క చోటే.

కారు షెడ్డులో ఉంది గనుక బస్సులో వెళ్లి కొట్టు దగ్గర దిగాను. దారి పొడుగునా ఏం అనాలో అనుకుంటూనే ఉన్నాను. ఎద్దు గుర్తొచ్చినప్పుడు కోపం వచ్చేది. చాయ్ గుర్తొచ్చినప్పుడు దిగులేసేది. ఆమె నన్ను చూసి, "కారేదే?" అంది. కూర్చోకుండానే చెప్పేశాను. కారు అడవిలో ఆగిన సంగతి, ఎద్దు చచ్చిపోయిన సంగతి, ట్యాంకులో కిరసనాయిలు వాసన వచ్చిన సంగతి.

ఆమె పందిరి గుంజ పట్టుకుని నిలబడింది.

"కలుపుత," అంది చివరికి. "మోటార్ సైకిళ్లోళ్లకు పోసేదాంట్ల కలుపుత. మా మరిది గట్లనే కలుపుమన్నడు. అందరు కలుపుతరన్నడు. కానీ నీకు పోసేది అది కాదు డాక్టరమ్మా."

"మరేది?"

లోపలికి వెళ్లి గోనెపట్టా కింద నుంచి ఒక క్యాను తెచ్చింది. "ఇది నీది. మరిది తెచ్చినకాన్నుంచి దీంట్ల నేను చుక్క కలపలే. నీ ఒక్కదానికోసమే పక్కకు పెట్టుకున్న. నీ సీసాలు దీంట్లకెళ్లే నింపుత. నా మీద ఒట్టు."

ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. నా సంచీలో ప్రయోగశాలలో వడపోతకు వాడే తెల్ల కాగితాలు ఉన్నాయి. ఒకటి తీసి దాని మీద బీరు సీసాలోది ఒక చుక్క వేశాను. పక్కన క్యానులోది ఒక చుక్క. మంచి పెట్రోలైతే గాలికి ఆరిపోయి మరక మిగలదని చెప్పాను. ఇద్దరం ఆ కాగితం మీదికి వంగి చూస్తూ కూర్చున్నాం. రోడ్డు మీద ఒక లారీ వెళ్లింది. కాగితం ఆరింది. సీసాలోది పెద్ద మరక. క్యానులోది కొంచెం చిన్న మరక. కానీ మరకే, జిడ్డుగా, చుట్టూ అంచు కట్టి.

"అంటే?" అంది.

"ఇక్కడికి రాకముందే కలిసిందక్కా. మీ మరిది కలిపే తెస్తున్నాడు."

ఆమె కాగితాన్ని చేతిలోకి తీసుకుని వెలుగుకు పట్టి చూసింది. బొటనవేలితో మరకను రుద్దింది. "నీకు మంచిది పోస్తున్నననుకున్న," అంది. తర్వాత ఇంకా చిన్నగా, "నాకు గూడ మోసమే పోసిండు," అంది.

"ఎమ్మార్వోకు చెప్పనా?" అన్నాను.

"వద్దు. నువ్వు రేపు ట్రాన్స్‌ఫరై పోతవ్. నేను ఈడనే ఉండాలె."

సరే అన్నాను. చాయ్ పెడతానంది, పెట్టలేదు. నేనూ అడగలేదు. బస్సు వచ్చేదాకా పందిరి కింద పక్కపక్కనే కూర్చున్నాం.

తర్వాత జరిగింది కాంపౌండరు చెప్పాడు. మరుసటి సంత రోజున ఆమె ఆ క్యాన్లు, సీసాలు అన్నీ తోపుడు బండి మీద వేసుకుని ఊళ్లోకి పోయిందట. మరిది ఇంటి ముందు దింపి, చుట్టూ జనం ఉండగానే అతన్ని బయటికి పిలిచి, "నీ గ్యాస్‌నూనె నువ్వే తాగు. నా చేతుల మీంచి ఇంకోళ్ల బండ్లల్ల పొయ్యను," అన్నదట. ఒక ఎద్దు చచ్చిన సంగతి కూడా అందరికీ చెప్పిందట. మరిది ఆమె మీద చెయ్యెత్తబోతే సంతకొచ్చిన ఆడవాళ్లు అడ్డం పడ్డారట. అతనికేం కాలేదు. కొన్నాళ్లు పెట్రోలు తేవడం మానేశాడు, అంతే. కానీ కొట్టున్న జాగా అతనిది. కారు బాగుచేయించుకుని నేను అటు వెళ్లేసరికి పందిరి పీకేసి ఉంది. లోపలికి ఎవరూ పోకుండా ముళ్లకంప అడ్డం పెట్టారు. ఆమె ఎటు వెళ్లిందో అక్కడ ఎవరికీ సరిగా తెలియదు.

ట్యాంకు కడిగి, మసి గీకించి, కొత్త ప్లగ్గులు వేశాక కారు బాగా నడిచింది. దీపం మళ్లీ రాలేదు. ఇల్లందు బంకులో నింపించుకునేదాన్ని. అక్కడి మనిషి గొట్టం పట్టుకుని, "జీరో చూస్కోండి మేడం," అనేవాడు. "చూశాను," అనేదాన్ని. కొన్ని రోజులు పశువుల పని లేకపోతే పొద్దుటి నుంచి నేను మాట్లాడిన మాట అదొక్కటే. అడవి దారిలో ఆగడానికి పని లేదు. కొట్టు ఉన్న చోటికి వచ్చినప్పుడు కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్లేది. మళ్లీ కాలు తీసేసేదాన్ని.

ఆమె జాడ తెలిసింది మిర్చి కోతల కాలంలో. బూర్గంపాడు వైపు ఒక క్యాంపుకు వెళ్లినప్పుడు గొడ్లు తోలుకొచ్చిన ఒకావిడను మాటల్లో అడిగితే, అడవిలో కొట్టు పెట్టుకున్న ఆమె తమ్ముడిది తమ ఊరేననీ, ఆమె ఇప్పుడు అక్కడే ఉందనీ చెప్పింది. క్యాంపు అయ్యాక వెతుక్కుంటూ వెళ్లాను. ఆమె చేనులో ఉంది. తలకు గుడ్డ కట్టుకుని కూలీల వరసలో వంగి కాయ కోస్తోంది. నన్ను చూసి గట్టుకు వచ్చింది. ముఖం నల్లబడింది. చేతులు మంట పుట్టి ఎర్రగా ఉన్నాయి.

"ఎట్లొచ్చినవ్?" అంది.

"కార్లోనే."

"మంచిగ నడుస్తున్నదా?"

"నడుస్తోంది." అంతలోనే అన్నాను, "నా వల్లే నీ కొట్టు పోయింది."

"నీ వల్ల ఏంది? నేను పెట్రోల్ పొయ్యనన్న, మరిది పొమ్మన్నడు. గంతే." కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ చేతుల ఘాటుకు కళ్లు మండి నీళ్లొచ్చాయి. ఇద్దరం నవ్వాం. "ఇప్పుడు ఎవరితోని మాట్లాడుతున్నవ్ నువ్వు?"

"గొడ్లతో."

"అవ్, అవి జవాబియ్యవు. అదే మంచిది," అంది.

మేస్త్రి అరిచాడు. ఆమె వెనక్కి చూసి, "పోత. తమ్ముడి పెండ్లాం గూడ ఈ వరసలనే ఉన్నది, మాటంటది," అంది. తమ్ముడి ఇంట్లో ఎలా ఉన్నావని అడగాలనుకున్నాను. నా దగ్గరికి వచ్చెయ్యి, ఒక గదే అయినా ఇద్దరం సర్దుకుందాం అని కూడా అనాలనుకున్నాను. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. అంతలో ఆమె వరసలోకి వెళ్లి వంగింది. అందరి తలలకూ గుడ్డలే, అందరి వీపులూ ఒక్కలాగే ఉన్నాయి. కాసేపటికి ఆమె ఎవరో గుర్తుపట్టలేకపోయాను.

ఆ మాట అడగడానికి మళ్లీ ఒకసారి వెళ్లాను. అప్పటికి కోతలు అయిపోయాయి. కూలీలు ముఠాగా పత్తి గింజలు తీసే మిల్లు పనికి ఎటో వెళ్లారని, ఆమె కూడా వాళ్లతోనే వెళ్లిందని తమ్ముడు చెప్పాడు. ఏ ఊరో అతనికి తెలియదు. మంచినీళ్లిచ్చాడు, తాగాను. ఆ ఏడాదే నాకు సత్తుపల్లి బదిలీ అయింది. అక్కడ ఆస్పత్రిలో మనుషులు ఎక్కువ, ఇంటి చుట్టూ ఇళ్లు. పొద్దున్నుంచి సాయంత్రందాకా ఎవరో ఒకరు పలకరిస్తూనే ఉంటారు. అందరికీ జవాబు చెబుతాను. నా మాటల్లో "ఏంది" ఎక్కడి నుంచి వచ్చిందని ఇక్కడివాళ్లు అడుగుతుంటారు. అడవిలో కొన్నాళ్లున్నానని చెబుతాను.